దృష్టిభ్రమలు: చూపు పనితీరుకు సాక్ష్యాలు

సమానమైన రెండు గీతలు గీసి, ఒకదాని కొసలకు బాణపు మొనల్లా లోపలికి మడిచిన చిన్న గీతలు, రెండోదాని కొసలకు బయటికి విచ్చుకున్న చిన్న గీతలు తగిలిస్తే, రెండోది పొడుగ్గా కనిపిస్తుంది. 1889లో జర్మనీకి చెందిన ఫ్రాంజ్ కార్ల్ ముల్లర్-లయర్ ప్రచురించిన ఈ బొమ్మ మీద జరిగినంత పరిశోధన మరే దృష్టిభ్రమ మీదా జరగలేదేమో. స్కేలు పెట్టి కొలిచి రెండూ ఒకటేనని తేల్చుకున్నాక కూడా ఆ తేడా అలాగే కనిపిస్తుంది. ఈ మొండితనమే దృష్టిభ్రమకు ముఖ్య లక్షణం. భారతీయ దర్శనాల్లో భ్రాంతికి అందరూ చెప్పే ఉదాహరణ మసకచీకట్లో తాడును పామనుకోవటం. దీపం తెచ్చి చూస్తే ఆ పాము మాయమవుతుంది, మళ్ళీ రాదు. అది తొందరపాటు నిర్ణయం, సరైన జ్ఞానం దాన్ని రద్దు చేస్తుంది. కానీ ఆ దార్శనికులే మరో రకం ఉదాహరణలు కూడా చర్చించారు. కామెర్లవాడికి తెల్లని శంఖం పచ్చగా కనబడటం, కంటిజబ్బు ఉన్నవాడికి చంద్రుడు రెండుగా కనబడటం, గిరగిరా తిప్పిన కొరివి నిప్పుల చక్రంలా కనబడటం అలాంటివి. శంఖం తెల్లనిదని, చంద్రుడు ఒక్కడేనని, అక్కడ చక్రమేదీ లేదని ఎంత గట్టిగా తెలిసినా అలా కనబడటం ఆగదు. ముల్లర్-లయర్ గీతలు ఈ రెండో కోవలోవి. తెలివికి లొంగని ఈ కనబడటాన్ని ఇంద్రియాల బలహీనత అని కొట్టిపారెయ్యటం సులువే. అయితే గత రెండు శతాబ్దాల పరిశోధన తేల్చింది వేరు. మామూలు ప్రపంచంలో మనకు సరైన చూపునిచ్చే ఏర్పాట్లే, తమకు అలవాటులేని పరిస్థితిలో పడ్డప్పుడు భ్రమలను కలిగిస్తాయి. భ్రమ ఎక్కడ పుడుతుందో వెతికితే చూపు ఎలా తయారవుతుందో తెలుస్తుంది.

ముందుగా ఒక హద్దు గీసుకోవాలి. వేసవిలో తారురోడ్డు మీద నీళ్ళలా మెరిసే ఎండమావి, నీళ్ళలో ముంచిన కర్ర వంగినట్టు కనబడటం కాంతికి సంబంధించిన సంగతులు. కాంతి నిజంగానే దారి మళ్ళి వస్తోంది కనక కెమెరా కూడా వాటిని అలాగే ఫొటో తీస్తుంది. ఇక్కడ మనకు కావలసినవి, కాంతి సక్రమంగా కంటికి చేరినా చూపులో తేడా వచ్చే సందర్భాలు. ఆ తేడాకు అవకాశం ఎందుకుందో కంటి నిర్మాణమే చెబుతుంది. ఒక్కో కంటి రెటీనాలో కాంతిని గ్రహించే కణాలు 12 కోట్లకు పైగా ఉంటాయి. అక్కణ్ణించి మెదడుకు సమాచారం మోసే దృష్టినాడిలోని తంతువులు మాత్రం సుమారు 10 లక్షలే. అంటే ఏది పంపాలి, ఏది వదిలెయ్యాలి అన్న వడపోత కంట్లోనే మొదలవుతుంది. ఆ నాడి బయటికి వెళ్ళేచోట కాంతిని గ్రహించే కణాలే లేవు. 1660లలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మ్ మారియొట్ కనిపెట్టిన ఈ అంధబిందువు అందరికీ ఉన్నా, ఒంటికన్నుతో చూసినప్పుడు కూడా దృశ్యంలో చిల్లు ఉన్నట్టు ఎవరికీ అనిపించదు. చుట్టూ ఉన్నదాన్నిబట్టి మెదడు ఆ ఖాళీని పూరించేస్తుంది. వీటన్నిటినీ మించిన చిక్కు లోతుది. రెటీనా మీద పడే బొమ్మకు పొడవు వెడల్పులే ఉంటాయి. దగ్గర్లో ఉన్న చిన్న వస్తువు, దూరంలో ఉన్న పెద్ద వస్తువు, ఏటవాలుగా పెట్టిన పొడుగు వస్తువు అక్కడ ఒకే పరిమాణపు బొమ్మను వెయ్యగలవు. లెక్కప్రకారం ఈ సమస్యకు జవాబులు అనంతం, మనకు కనిపించేది ఒక్కటే. ఆ ఒక్కదాన్ని ఎంచుకోవాలంటే ప్రపంచం మామూలుగా ఎలా ఉంటుందన్న దానిమీద మెదడు కొన్ని షరతులు ముందే పెట్టుకుని ఉండాలి. 11వ శతాబ్దంలో ఇబ్న్ అల్ హైతం తన దృష్టిశాస్త్ర గ్రంథంలో, మనం గమనించలేనంత వేగంగా జరిగే నిర్ణయం చూపులో ఇమిడి ఉందని వాదించాడు. 19వ శతాబ్దంలో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని మనకు తెలియకుండా సాగే అనుమితి అన్నాడు. ఈ వ్యాసంలోని వాదనకు మూలం వాళ్ళిద్దరి ఆలోచనే. కానీ ఊహ ఎంత అందమైనదైనా సాక్ష్యం కావాలి.

1995లో ఎం.ఐ.టి.కి చెందిన ఎడ్వర్డ్ అడెల్సన్ తయారుచేసిన బొమ్మ అలాంటి సాక్ష్యం. అందులో చదరంగం పలకలాంటి గళ్ళ బల్ల ఉంటుంది, దాని మీద ఒక మూల ఆకుపచ్చని గుండ్రటి స్తంభం, ఆ స్తంభపు నీడ గళ్ళ మీద పరుచుకుని ఉంటాయి. నీడకు బయట ఉన్న ఒక నల్లగడిని, నీడలో ఉన్న ఒక తెల్లగడిని పోల్చమంటే మొదటిది ముదురని, రెండోది లేతదని ఎవరైనా ఒట్టేసి చెబుతారు. కాగితం మీద ఆ రెంటి బూడిదరంగూ అచ్చంగా ఒకటే. చుట్టుపక్కల భాగాన్ని కప్పేస్తే ఒకేలా కనిపిస్తాయి, కప్పింది తీసేస్తే తేడా తిరిగొస్తుంది. దీనికి కారణం ఉంది. ఏ వస్తువు నుంచి కంటికి చేరే వెలుగైనా రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. దాని మీద ఎంత వెలుగు పడుతోందన్నది ఒకటి, పడినదాంట్లో అది ఎంత తిప్పిపంపుతోందన్నది రెండోది. బతుకు గడవటానికి పనికొచ్చేది రెండోదే, ఎందుకంటే వస్తువు స్వభావాన్ని చెప్పేది అదే. ఎర్రటి ఎండలో ఉన్న బొగ్గుముక్క, గదిలోని తెల్లకాగితం కన్నా ఎక్కువ కాంతిని కంటికి పంపగలదు. అయినా బొగ్గు నల్లగానే, కాగితం తెల్లగానే కనిపిస్తాయి. పడుతున్న వెలుగెంతో అంచనా కట్టి మెదడు దాన్ని మినహాయించటం వల్లే ఇది సాధ్యం. అడెల్సన్ బొమ్మలోనూ జరిగిందదే. నీడలో ఉండి కూడా ఇంత కాంతి పంపుతున్న గడి సొంతరంగు లేతదై ఉండాలని మెదడు తేల్చుకుంది. నిజమైన బల్లే ఎదురుగా ఉంటే ఈ జవాబులో రవ్వంత తప్పు లేదు. కంటిని కాంతి కొలిచే పరికరం అనుకుంటేనే అది ఓడిపోయినట్టు, వస్తువులను గుర్తుపట్టే సాధనం అనుకుంటే గెలిచినట్టు. ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఈ రంగంలో మరొకటి దొరకదు.

2015 ఫిబ్రవరిలో ప్రపంచమంతా వాదులాడుకున్న గౌను ఫొటో కూడా ఇదే సూత్రానికి మరో నిదర్శనం. అసలు గౌను నీలం, నలుపు రంగులది. అదే ఏడాది అమెరికా పరిశోధకులు సుమారు 1,400 మందిని అడిగితే 57 శాతం మంది నీలం–నలుపు అన్నారు, 30 శాతం మంది తెలుపు–బంగారు రంగన్నారు, 11 శాతం మంది నీలం–గోధుమ అన్నారు. ఒకే నియమం ప్రకారం నడిచే కళ్ళకు ఒకే ఫొటోలో ఇన్ని రంగులు ఎలా కనిపిస్తాయని సందేహం రావచ్చు. గౌను మీద పడుతున్న వెలుగు ఎలాంటిదో చెప్పే ఆధారాలు ఆ ఫొటోలో దాదాపు లేవు. నీలిఛాయ నీడలో గౌను ఉందనుకున్న మెదళ్ళు నీలాన్ని మినహాయించి తెలుపును మిగిల్చాయి. పచ్చని దీపం వెలుగులో ఉందనుకున్నవి నీలాన్ని ఉంచాయి. నియమం ఒకటే, దానికి అందిన ఆధారం చాలక మొదటి షరతు దగ్గరే మనుషులు విడిపోయారు.

ఇంత దూరం వెళ్ళనక్కర్లేదని, భ్రమలన్నిటినీ కంటిలోని కణాల అమరికతోనే వివరించవచ్చని ఒక అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా తీసిపారెయ్యదగ్గది కాదు. రెటీనాలో పక్కపక్కనున్న కణాలు ఒకదాన్నొకటి అణచుకుంటాయి. ఈ పరస్పర నిరోధాన్ని గుర్రపునాడా పీత కంటిలో కనిపెట్టినందుకు హాల్డన్ కెఫర్ హార్ట్‌లైన్ 1967లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. వెలుగు మారేచోట లేని గీతలు కనబడటాన్ని ఎర్నెస్ట్ మాక్ 1865లోనే వర్ణించాడు, దానికి ఈ నిరోధం చాలావరకు సమాధానం చెబుతుంది. నల్లని చదరాల మధ్య తెల్లని వీధులు కలిసేచోట బూడిదమచ్చలు కనిపించే బొమ్మను 1870లో లుడిమార్ హెర్మన్ వర్ణించాడు. 1960లో గుంటర్ బౌమ్‌గార్ట్‌నర్ దాన్ని కూడా ఇలాగే వివరించాడు, పాఠ్యపుస్తకాలన్నీ దాన్నే అప్పజెప్పాయి. కానీ ఆ తెల్లని వీధులను కొద్దిగా వంకర తిప్పి అలల్లా చేస్తే మచ్చలు మాయమవుతాయని హంగరీకి చెందిన యానోష్ గీయర్ బృందం చూపించింది. వంకర తిప్పినంత మాత్రాన పక్కకణాల నిరోధం మారదు. తిన్నని అంచులను వెతికే పని రెటీనాది కాదు, మెదడుది. కాబట్టి పాత వివరణకు అక్కడ కాలుజారింది. కంటిది ఎంత, మెదడుది ఎంత అన్నది ఒక్కో భ్రమకూ విడివిడిగా ప్రయోగం చేసి తేల్చవలసిన లెక్క.

జలపాత భ్రమ దీనికి మంచి పాఠం. 1834లో రాబర్ట్ ఆడమ్స్ స్కాట్లండ్‌లోని ఫోయర్స్ జలపాతాన్ని కాసేపు తదేకంగా చూసి, పక్కనున్న బండల వైపు చూపు తిప్పితే అవి పైకి పాకుతున్నట్టు కనిపించాయని రాశాడు. 1963లో హొరేస్ బార్లో, రిచర్డ్ హిల్ కుందేలు రెటీనాలో, ఒక దిశలోని కదలికకు స్పందించే కణాలు అదే కదలికను చాలాసేపు చూస్తే అలసిపోయి మామూలు స్థాయికన్నా కిందికి పడిపోతాయని కొలిచి చూపించారు. ఎదురు దిశ కణాలు అలసిపోలేదు గనక తూకం అటు మొగ్గుతుంది, కదలని బండకు కదలిక అంటుకుంటుంది. మనుషుల్లో ఈ భ్రమ ఒక కంటితో చూసి రెండో కంటితో పరీక్షించినా కొంతమేర కనిపిస్తుంది, అంటే రెండు కళ్ళ సమాచారం కలిసే చోట, మెదడులో కూడా, అలసట జరుగుతోంది. మరో విచిత్రం ఏమిటంటే ఆ బండ కదులుతున్నట్టూ ఉంటుంది, ఉన్నచోటే ఉన్నట్టూ ఉంటుంది. కదలికను, స్థానాన్ని మెదడు వేరువేరుగా లెక్కగడుతుందనటానికి ఇంతకన్నా సూటైన ఆధారం మామూలు చూపులో దొరకటం కష్టం.

లేని అంచును చూడటం మరింత లోతైన సంగతి. ఇటలీకి చెందిన గెటానో కనిజా 1955లో మూడు నల్లని బిళ్ళలకు ఒక్కో ముక్క కోసేసి, కోతలు ఒకదానికొకటి ఎదురుపడేలా అమర్చాడు. చూసినవాళ్ళకు మధ్యలో కాగితంకన్నా తెల్లని త్రికోణం, దాని నిక్కచ్చైన అంచులతో సహా కనిపించింది. అక్కడ గీత లేదు, రంగు తేడా లేదు. 1984లో రూడిగర్ వాన్ డెర్ హైట్, ఎస్తర్ పీటర్‌హాన్స్, బౌమ్‌గార్ట్‌నర్ కోతి మెదడులో, దృష్టికి సంబంధించిన రెండో ప్రాంతంలోని కొన్ని నాడీకణాలు నిజమైన గీతకు స్పందించినట్టే ఇలాంటి లేని అంచుకూ స్పందిస్తాయని కనుగొన్నారు. అంటే ఇది చూశాక ఆలోచించి కట్టుకున్న కథ కాదు, చూడటంలోనే, తొలి మెట్లలోనే జరిగిపోయే పని. తేనెటీగలు, గుడ్లగూబలు, పిల్లులు కూడా ఇలాంటి అంచులను చూస్తాయని ప్రయోగాలు చెబుతున్నాయి. తేనెటీగల మీది ప్రయోగంలో భారతదేశంలో పుట్టి ఆస్ట్రేలియాలో పనిచేసిన మాండ్యం శ్రీనివాసన్ పాత్ర ఉంది. ఇంత భిన్నమైన జీవులకు ఒకే భ్రమ ఎందుకు? అన్నీ ఒకే ప్రపంచంలో బతుకుతున్నాయి. అక్కడ ఒక వస్తువు మరోదానికి అడ్డురావటం క్షణక్షణం జరిగేదే, అడ్డొచ్చినదానికీ వెనకున్నదానికీ రంగు తేడా చాలాసార్లు ఉండదు. మూడు బిళ్ళలు సరిగ్గా ఒకే వరసలో తెగి ఉండటం యాదృచ్ఛికం అనుకోవటంకన్నా, ముందు ఏదో అడ్డుందనుకోవటమే బుద్ధిమంతుల అంచనా.

ఇక్కడ అసలు వివాదం మొదలవుతుంది. ఈ అంచనాలు ఎవరికి వారు అనుభవంతో నేర్చుకునేవా, పుట్టుకతో వచ్చేవా? ముల్లర్-లయర్ బొమ్మకు బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ గ్రెగరీ 1963లో ఇచ్చిన వివరణ ప్రకారం, విచ్చుకున్న కొసల గీత గది లోపలి మూలలా, మడిచిన కొసల గీత ఇంటి బయటి మూలలా ఉంటుంది. లోపలి మూల దూరంగా ఉన్నట్టు లెక్కగట్టి మెదడు దాన్ని పెంచి చూపిస్తుంది. అలాగైతే మూలలున్న గదుల్లో బతకనివాళ్ళకు ఈ భ్రమ తక్కువగా ఉండాలి. డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ 1898లో టోరెస్ జలసంధి దీవుల్లో, ఆ తర్వాత మన నీలగిరుల్లోని తోడాలలో పరీక్షించి, ఇంగ్లీషువాళ్ళకన్నా వాళ్ళకు ఈ భ్రమ తక్కువని నమోదు చేశాడు. అంటే వాళ్ళ కొలతే స్కేలుకు దగ్గరగా వచ్చింది. 1966లో మార్షల్ సెగల్, డొనాల్డ్ క్యాంబెల్, మెల్విల్ హెర్స్‌కోవిట్స్ ఆఫ్రికా, ఫిలిప్పీన్స్, అమెరికాల్లోని అనేక సమాజాల్లో పరీక్షించి, వడ్రంగి కట్టిన చదరపు ప్రపంచంలో పెరిగినవాళ్ళకే భ్రమ ఎక్కువన్నారు. కలహారి ఎడారిలోని వేటగాళ్ళకు అది దాదాపు లేదు. చాలాకాలం పాటు ఈ వాదం బలంగానే కనిపించింది.

దానికి గట్టి దెబ్బ తగిలింది భారతదేశం నుంచే. పుట్టుకతోనే కంటిశుక్లాలు ఉండి, వైద్యం అందక ఏళ్ళతరబడి చూపులేకుండా పెరిగిన పిల్లలకు శస్త్రచికిత్స చేయించి, చూపు ఎలా కుదురుకుంటుందో పరిశీలించే ప్రాజెక్ట్ ప్రకాశ్‌ను ఎం.ఐ.టి. ఆచార్యుడు పవన్ సిన్హా ప్రారంభించాడు. 2015లో ఈ బృందం ప్రచురించిన ఫలితాల్లో 8 నుంచి 16 ఏళ్ళ వయసున్న తొమ్మిదిమంది పిల్లలు, చూపు వచ్చిన వెంటనే, ముల్లర్-లయర్ బొమ్మకూ, రైలుపట్టాల్లా దగ్గరపడే గీతల మధ్య పై అడ్డగీత పెద్దదిగా కనిపించే పోంజో బొమ్మకూ మోసపోయారు. గది మూలలను గానీ, దూరానికి కలిసిపోయే రోడ్లను గానీ వాళ్ళ కళ్ళు అంతకుముందు స్పష్టంగా చూసి ఉండవు. శుక్లాలున్న కళ్ళకు వెలుగు, మసక ఆకారాలు కొంత తెలుస్తాయి గదా అనవచ్చు. అంత మసకలో గది మూలల జ్యామితి నేర్చుకోవటం సాధ్యమని మాత్రం నమ్మటం కష్టం. నా అంచనాలో, ఒక్కో మనిషి తన ఇంటి గోడల వల్ల ఈ భ్రమను నేర్చుకుంటాడన్న వాదం ఇక నిలబడదు. సమాజాల మధ్య కొలిచిన తేడాలు ఉత్తుత్తివని దీనర్థం కాదు, వాటికి కారణాలు మరోచోట వెతకాలి. అయితే భ్రమ మామూలు ప్రపంచపు అంచనాల్లోంచి పుడుతుందన్న మూలవాదానికి దీనివల్ల నష్టం లేదు. ఆ అంచనాలు వ్యక్తి జీవితంలోనే చేరాలన్న నియమం లేదు, జీవపరిణామంలో చేరి ఉండవచ్చు. కేథరిన్ హౌ, డేల్ పర్వ్స్ 2005లో, ప్రకృతి దృశ్యాలను లేజర్‌తో కొలిచిన సమాచారాన్నే తీసుకుని, అందులో కనిపించే గీతల పొడవులకూ వాటి చుట్టుపక్కల ఆకారాలకూ ఉన్న సంబంధం నుంచే ముల్లర్-లయర్ భ్రమను రాబట్టవచ్చని చూపించారు. గదుల మూలలు అవసరమే లేకపోయింది.

చంద్రుడి సంగతి ఇంకా తెగలేదు. ఆకాశపు అంచున పూర్ణచంద్రుడు పెద్దగా, నడినెత్తికి వచ్చాక చిన్నగా కనిపిస్తాడు. రెండుచోట్లా అతని వెడల్పు సుమారు అరడిగ్రీయే. నిజానికి నడినెత్తిన ఉన్నప్పుడు భూమి వ్యాసార్థమంత దగ్గరవుతాడు గనక అక్కడే ఒకటిన్నర శాతం పెద్ద. లాయిడ్ కౌఫ్‌మన్, ఇర్విన్ రాక్ 1962లో, మధ్యలోని నేల కనిపించటంవల్ల అంచున ఉన్న చంద్రుడు దూరమనిపించి పెద్దగా కనిపిస్తాడని ప్రయోగాలతో వాదించారు. కానీ మనుషులను అడిగితే అంచున ఉన్న చంద్రుడు దగ్గరగా ఉన్నాడనే చెబుతారు. ఈ వైరుధ్యానికి అందరూ ఒప్పుకున్న పరిష్కారం లేదు.

అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ గిబ్సన్ లేవనెత్తిన అభ్యంతరం అన్నిటికన్నా పెద్దది. కాగితం మీది గీతలు, ఒంటికన్నుతో చూసే చిల్లులు చూపును కుంటిదాన్ని చేస్తాయని, మనిషి తల తిప్పుతూ నడుస్తూ చూసే నిజప్రపంచంలో సమాచారం పుష్కలమని, అక్కడ అనుమితి అక్కర్లేదని అతని మాట. అడెల్బర్ట్ ఏమ్స్ కట్టిన వంకర గది దీనికి అనుకూలమే. చిల్లులోంచి చూస్తే ఒక మూల నిలబడ్డ మనిషి మరుగుజ్జులా, మరో మూల నిలబడ్డవాడు రాక్షసుడిలా కనిపిస్తారు. లోపలికి అడుగుపెడితే మాయ విడిపోతుంది. అయితే ముఖానికి పెట్టుకునే మాస్కును లోపలి బోలువైపు నుంచి, కాస్త దూరంగా నిలబడి, రెండు కళ్ళూ తెరిచి చూసినా అది ఉబ్బెత్తు ముఖంలాగే కనిపిస్తుంది. రెండు కళ్ళూ ఇచ్చే లోతు సమాచారాన్ని, ముఖాలు ముందుకే ఉబికి ఉంటాయన్న అంచనా ఓడిస్తోంది. స్కిజోఫ్రీనియా ఉన్న కొందరు దాన్ని బోలుగానే, అంటే సరిగ్గా చూశారని 2009లో ఒక అధ్యయనం చెప్పింది. భ్రమకు లొంగకపోవటమే ఆరోగ్యలక్షణం అనుకునేవాళ్ళు ఈ ఫలితం దగ్గర ఆగి ఆలోచించాలి.

ఆధారం రెండు జవాబులకూ సమానంగా మద్దతిస్తే మెదడు ఏంచేస్తుందో 1832లో స్విస్ స్ఫటికశాస్త్రజ్ఞుడు లూయీ నెకర్ గమనించాడు. గీతలతో గీసిన ఘనం ముందువెనకలు తనంతట తానే తారుమారవుతూ ఉంటుంది. రెండూ కలిసిన మధ్యేమార్గం ఎన్నడూ కనబడదు. తమిళనాడులోని దారాసురంలో 12వ శతాబ్దపు ఐరావతేశ్వరాలయం మీద ఏనుగు, ఎద్దు ఒకే తలను పంచుకునే శిల్పం ఉంది. ఒక దేహాన్ని చూస్తే ఆ తల ఏనుగుదే, రెండోదాన్ని చూస్తే ఎద్దుదే.

భ్రమ కంటికే గాని చేతికి లేదని మరో వాదం. 1995లో సాల్వటోర్ అగ్లియోటి, జోసెఫ్ డిసౌజా, మెల్విన్ గుడేల్, చుట్టూ పెద్ద వలయాలుంటే చిన్నగా కనిపించే బిళ్ళను పట్టుకోమన్నప్పుడు, వేళ్ళు దాదాపు అసలు పరిమాణానికే తెరుచుకున్నాయని నివేదించారు. గుర్తుపట్టటానికి ఒక దారి, పట్టుకోవటానికి మరో దారి మెదడులో ఉన్నాయన్న సిద్ధాంతానికి ఇది బలమిచ్చింది. తర్వాత ఫోల్కర్ ఫ్రాంజ్ వంటివాళ్ళు రెండు పనులనూ ఒకే పద్ధతిలో కొలిస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోతుందని చూపించారు. రెండు దారులున్నాయనటానికి మెదడు దెబ్బతిన్న రోగుల నుంచి వేరే సాక్ష్యం ఉంది. భ్రమల సాక్ష్యం మాత్రం మొదట అనుకున్నంత బలమైనది కాదు.

చివరగా, చూపంతా అంచనాయే అయితే మనం చూసే లోకమంతా మాయే గదా అని కొందరు ముగిస్తారు. ఆ ముగింపు సాక్ష్యాన్ని దాటి పోతుంది. గీతలు సమానమని స్కేలు చెప్పిందని ఒప్పుకుంటున్నాం, ఆ స్కేలును చదివింది కూడా చూపే. భ్రమలు పరిమితమైనవి, ఎటు ఎంత తప్పుతాయో ముందే చెప్పగలిగేవి. అలా చెప్పగలగటంవల్లే వాటికి విరుగుడు కూడా కనిపెట్టగలిగారు. చుట్టూ దీపాలు లేని చీకటి నేలలో రాత్రిపూట రన్‌వే దీపాలు మాత్రమే కనిపిస్తుంటే పైలట్లు తాము ఉన్నదానికన్నా ఎత్తులో ఉన్నామనుకుని ప్రమాదకరంగా కిందికి దిగుతారు. 1960లలో బోయింగ్‌లో కాన్రాడ్ క్రాఫ్ట్ సిమ్యులేటర్ ప్రయోగాల్లో చేయితిరిగిన పైలట్లే ఈ తప్పు చేశారు. ఇరుకు రన్‌వే కూడా ఇలాగే ఎత్తును ఎక్కువ చేసి చూపిస్తుంది. ఈ సంగతి తెలిసినా చూపు మారదు గనక, రన్‌వే పక్కన నాలుగు దీపాల వరస పెడుతున్నారు. దిగే కోణం సరిగ్గా, సాధారణంగా 3 డిగ్రీలు ఉంటే రెండు ఎర్రగా, రెండు తెల్లగా కనిపిస్తాయి. మరీ కిందికి వస్తే నాలుగూ ఎర్రబడతాయి, అప్పుడు పైలట్ తన కళ్ళకు ఎంత ఎత్తు అనిపిస్తున్నా విమానాన్ని పైకి లేపుతాడు.